కుర్చీ, కాకి, కోటయ్య ప్రభ

శివరాత్రి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఊళ్ళో కోటప్పకొండ కోటయ్యస్వామికి కట్టే ప్రభ పని ఆగిపోయింది. అరవై అడుగుల వాసాలు బిగించారు, వెదురు బద్దలు అల్లారు, రంగుగుడ్డ చుట్టారు. ఇక బల్బుల తోరణాలు కట్టి, మైకుసెట్టు ట్రాక్టరు ట్రక్కు మీదికి ఎక్కించడమే తరువాయి. అక్కడికి వచ్చి ఆగింది.

శివరామయ్య పొద్దున పూజ ముగించుకొని, నుదుటి మీద విభూతి ఆరకముందే వచ్చి చూస్తే ప్రభ దగ్గర మనిషన్నవాడు లేడు. ట్రక్కు నీడలో ఒక కుక్క పడుకొని ఉంది.

పదకొండేళ్ళ కిందట భార్య వీరరాఘవమ్మ కడుపులో గడ్డ తీయించడానికి గుంటూరు తీసుకెళ్ళినప్పుడు, ఆసుపత్రి వరండాలో నిలబడి కోటప్పకొండ వైపు అనుకున్న దిక్కుకు తిరిగి ఆయన మొక్కుకున్నాడు. మనిషి లేచి తిరిగితే పదకొండేళ్ళు, ఒక్క ఏడూ తప్పకుండా, వెలిగే ప్రభను కొండ కిందికి తెస్తానని. ఆమె లేచి తిరిగింది. పదేళ్ళు ప్రభ వెళ్ళింది. ఇది పదకొండోది. మధ్యలో తప్పితే మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాలి. ఆయనకు అరవై ఎనిమిది. ఇంకో పదకొండేళ్ళ మాట స్వామితో మాట్లాడే ధైర్యం ఆయనకు లేదు.

ప్రభకు దీపాలూ మైకూ పెట్టేది ఇద్దరు కుర్రాళ్ళు, ఉపేంద్ర, ఆదిల్. ఒకే బడి, ఒకే బెంచీ. సౌండు బాక్సులు, బల్బుల తోరణాలు ఉపేంద్రవి. ఆంప్లిఫయరు, జనరేటరు ఆదిల్‌వి. ఒకరిది లేకుండా ఇంకొకరిది గుడ్డి గవ్వకు కొరగాదు. ఊళ్ళో పెళ్ళయినా, పీర్ల పండగయినా, చర్చిలో పాటలయినా వాళ్ళిద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు.

శివరామయ్య ముందు ఉపేంద్ర ఇంటికి వెళ్ళాడు. ఉపేంద్ర నడవలో బాక్సుల మధ్య కూర్చొని ఉన్నాడు.

"ఏందిరా, ఇయ్యి ఇక్కడున్నై?"

"నా బాక్సులు పెదనాన్నా. నా ఇంట్లోనే ఉంటై."

"మరి ప్రభ?"

"ఆదిల్‌గాణ్ణి అడుగు. కాకి గొప్పదన్నాడు. ఆ కాకినే వచ్చి బల్బులు కట్టమను."

అక్కడినుంచి ఆదిల్ వాళ్ళ నాన్న జమాల్ పెట్టుకున్న మోటార్ల షెడ్డుకు వెళ్ళాడు. జనరేటరు మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద ఆంప్లిఫయరు, దాని మీద ఆదిల్.

"ఏం కాకిరా?"

"ఏం కుర్చీ అని వాణ్ణి అడిగావా పెదనాన్నా? నన్నే అడుగుతన్నావు."

అంతా రాబట్టేసరికి మధ్యాహ్నం దాటింది. సంగతి ఇది. అమెరికాలో ఇద్దరు ర్యాప్ పాడేవాళ్ళు ముప్పయ్యేళ్ళ కిందట చెరో ఆల్బమ్ చేశారు. ఒకదాని అట్ట మీద ఖాళీ కుర్చీ బొమ్మ. రెండోదాని మీద కరెంటు తీగ మీద కూర్చున్న కాకి. ఈ ఇద్దరూ తొమ్మిదో తరగతిలో ఒకే ఫోనుకు ఒకే ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, చెరో చెవికి ఒకటి, ఆ రెండూ వింటూ పెరిగారు. ఎక్కడ సెట్టు వేసినా బాక్సులు సరిగా పలుకుతున్నాయా లేదా చూడడానికి ముందు వాటిలోనే ఏదో ఒకటి పెట్టేవాళ్ళు. ఈసారి ఏది ముందు పెట్టాలన్న దగ్గర మొదలై, అసలు లోకాన్ని ఎక్కువ మార్చింది ఏదన్న దాకా పోయింది. అక్కడినుంచి వైర్లు పీక్కొని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

నరసరావుపేటలో ఇంకో సెట్టు దొరుకుతుందేమోనని శివరామయ్య ఫోన్లు చేయించాడు. చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒక ప్రభ ఉంది. ఒక్క జనరేటరు ఖాళీ లేదు.

"నూనె దీపాలు పెడితే?" అంది వీరరాఘవమ్మ.

"గుడ్డా వెదురూనే. ప్రభా కాలుద్ది, మొక్కూ కాలుద్ది."

మర్నాటికి తగువు ఊరందరిదీ అయింది. ఆ ప్రాంతంలో రెండు వర్గాలు కావడానికి పెద్ద కారణం అక్కరలేదు. కాకపోతే మామూలుగా కులానికో పార్టీకో చీలేవాళ్ళు, ఈసారి ఏ కొలతకూ అందకుండా చీలారు. ఉపేంద్ర సొంత తల్లి వాసంతి కాకి వైపు వెళ్ళింది. ఆదిల్ తండ్రి జమాల్ కుర్చీ వైపు వచ్చాడు. రెండు టీ బడ్డీల్లో ఒకటి కుర్చీ వాళ్ళది, ఒకటి కాకి వాళ్ళది అయిపోయింది. రెండు ఆల్బమ్‌లూ పూర్తిగా విన్నవాళ్ళు ఊరి మొత్తంలో ఇద్దరే. అయినా మూడోవాడికి సందేహమన్నది లేదు.

శివరామయ్య గట్టు తగాదాలు, గోడ తగాదాలు తీర్చే మనిషి. ఆయన మాట మీద ఎవరూ నరసరావుపేట కోర్టు మెట్లు ఎక్కలేదు. అందుకని రెండు వర్గాలూ కలిసి ఆయన దగ్గరకే వచ్చాయి. పాలకేంద్రం అరుగు మీద జనం కూర్చున్నారు. ఉపేంద్ర భుజం మీది తువ్వాలు తీసి ఆయన ముందు పరిచాడు. తువ్వాలు పరిచాక పెద్దమనిషి కాదనకూడదు. తీర్పు వచ్చేదాకా పరిచినవాడు దాన్ని తీసుకోకూడదు. ఆదిల్‌కు తువ్వాలు అలవాటు లేదు. చెల్లెలు నజీమా ఓణీ తెచ్చి పరిచాడు. అది చెల్లుతుందా అని కాసేపు వాదన జరిగి, చెల్లుతుందని తేలింది.

"ఒరేయ్, మీ ఇద్దరూ ఒక్కొక్కరే చెప్పండి. ఒకడు చెప్పేటప్పుడు రెండోవాడు నోరెత్తకూడదు" అన్నాడు శివరామయ్య.

ఉపేంద్ర లేచాడు. "పెదనాన్నా, కుర్చీ రాకముందు అందరూ నేను మొనగాణ్ణి, నాకు ఇన్ని కార్లున్నై అని పాడేవాళ్ళు. ఈయన వచ్చి తన సందు గురించి చెప్పాడు. సందులో కొళాయి, పక్కింటి ముసలామె, పోయిన స్నేహితుడు. ఆ తర్వాత పాడినోళ్ళంతా వాళ్ళ వాళ్ళ సందుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. మాట మార్చింది కుర్చీ."

ఆదిల్ లేచాడు. "మాట అందరికీ ఉంటది పెదనాన్నా. కాకి చేసిన పని వేరు. పాత పాటలు, ఎవరూ వినని పాటలు తీసుకొని, ముక్కలు కోసి, మళ్ళీ కుట్టాడు. కొత్త దరువు పుట్టింది. తర్వాత వచ్చినోళ్ళంతా ఆ దరువు మీదే నిలబడ్డారు. కుర్చీ ఆయన ఆ తర్వాత చేసిన ఆల్బమ్ కూడా ఆ దరువు మీదే."

"అబద్ధం" అన్నాడు ఉపేంద్ర.

"నోరెత్తకూడదన్నాడుగా" అంది వాళ్ళ అమ్మ వెనకనుంచి.

శివరామయ్యకు నిజంగానే ఆలోచన పట్టుకుంది. భజనలో సాహిత్యం పెద్దదా, తాళం పెద్దదా? ఇన్నేళ్ళు భజన చేశాడు గాని ఎప్పుడూ తనను తాను ఇట్లా అడగలేదు. వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు గనుక, రెండూ వింటానన్నాడు. నాలుగు రోజులు వాయిదా వేశాడు.

పూజగది ఉన్న ఇంట్లో వినడం ఎందుకోనని గొడ్లచావిడిలో మంచం వేసుకున్నాడు. కాళ్ళు కడుక్కోవాలా అక్కరలేదా అని కాసేపు తటపటాయించి, కడుక్కుంటే పోయేదేమీ లేదని కడుక్కున్నాడు. కుర్చీలో పద్నాలుగు పాటలు. ఒక మనిషి ఎదురింటాయనతో గోడ తగువు చెప్పుకుంటున్నట్టు నిదానంగా మాట్లాడుకుంటూ పోయాడు. కాకిలో పదిహేడు. అక్కడ కూడా ఒక మనిషి ఎదురింటాయనతో గోడ తగువు చెప్పుకుంటున్నట్టే ఉంది. రెంటిలోనూ కింద రోకటి పోటు. మూడు రోజుల్లో ఒక్కొక్కటి మూడేసి సార్లు విన్నాడు. గేదె చెవులు కదిలించేది. ఆయన దాని వైపు ఆశగా చూసేవాడు. అది రెంటికీ ఒకే తీరుగా కదిలించేది.

"ఏమైనా తెలిసిందా?" అని అడిగింది వీరరాఘవమ్మ మజ్జిగ తెచ్చి.

"ఇద్దరికీ చానా కోపంగా ఉందే."

"ఎవరి మీద?"

"అది తెలవలా."

నాలుగో రోజు సాక్షులు వచ్చారు. లోకాన్ని మార్చిందంటే మారిన మనిషిని చూపించండని శివరామయ్యే అడిగాడు. ఉపేంద్ర తరఫున ఎరువుల కొట్టు ఫణీంద్ర నిలబడ్డాడు. ఉపేంద్ర ఆ పాటల అర్థం చెప్పినప్పటినుంచి తనూ తన సందు గురించి ఉన్నదున్నట్టు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నానన్నాడు.

"దానివల్ల ఏం జరిగింది?"

"మా సందులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు."

"అది ఇన్‌ఫ్లుయెన్సే" అన్నారు కుర్చీ వాళ్ళు.

ఆదిల్ తరఫున నజీమా ఒక బొంత తెచ్చి అరుగు మీద పరిచింది. అన్న ఆ కాకి పాటను ఎట్లా ముక్కలు కోసి కుట్టారో చెబితే విని, పాత చీరలు అదే వరసలో కోసి కుట్టానంది. మూడు ముక్కలు ఎర్రవి, ఒకటి పచ్చది, మళ్ళీ మూడు. శివరామయ్య వేలితో తడుముతూ పోయాడు. బొంత బాగుంది. జనం బొంత చుట్టూ మూగారు. కాకి వాళ్ళ మొహాలు వెలిగాయి.

అప్పుడు జమాల్ లేచి కొడుక్కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు.

"అన్నా, నాకు ఇంగిలీషు రాదు. కానీ ఆ కుర్చీ ఆయన తిట్టేటప్పుడు ఒక్కో తిట్టూ విడివిడిగా వినబడుద్ది. మర్యాద తెలిసిన మనిషి. కాకి ఆయన గబగబా తిడతాడు."

"అబ్బా, అది తిట్టడం కాదు, ఫ్లో" అన్నాడు ఆదిల్.

"మీ అమ్మ కూడా అట్టాగే ఫ్లో చేసేది" అన్నాడు జమాల్.

ఆ పూట ఏమీ తేలలేదు. శివరాత్రికి నాలుగు రోజులుంది. ఆయన మళ్ళీ ఒక్క రోజు వాయిదా అడిగి ఇంటికి వచ్చి, అన్నం కూడా సరిగా తినలేదు. ఏదో ఒకటి అనెయ్యవచ్చు. కుర్చీ అంటే ఆదిల్ జనరేటరు ఇవ్వడు. కాకి అంటే ఉపేంద్ర బల్బులు ఇవ్వడు. నిజం చెబితే మొక్కు పోతుంది, అబద్ధం చెప్పినా మొక్కు పోతుంది. ఆ నిజమేదో ఆయనకే తెలియలేదు. ఇట్లాంటి మొక్కును స్వామి ఎట్లా లెక్కవేస్తాడో అడగడానికి ఎవరున్నారు?

మర్నాడు పొద్దున అష్టోత్తరం చదువుతూ పువ్వులు వేస్తుంటే వంటింట్లోనుంచి వీరరాఘవమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏందయ్యా, నామాలు అట్టా ఎగిరెగిరి పడతన్నై?"

శివరామయ్య ఆగాడు. ఆగాక అర్థమైంది. ఒక్కో నామం కాస్త వెనక్కు లాగి, 'నమః' దగ్గర దబ్బున పడుతోంది. తల కూడా ఊగుతోంది. నలభై ఏళ్ళుగా నేతిధారలా సాగిన అష్టోత్తరం అది. ఆయన లెంపలు వేసుకొని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అట్లాగే పడింది. చదివింది స్వామి పేరే, తప్పేముందని మనసులో ఒక మాట. దరువు ఎవరిదోనని ఇంకో మాట.

ఆ వేళకు పాలు పోయడానికి అటు వెళుతున్న వాసంతి కిటికీలోనుంచి విన్నది. ఇంకో పావుగంటకు ఊరంతా తెలిసింది. పెద్దమనిషే మారిపోయాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"అది కుర్చీ దరువు" అన్నాడు ఉపేంద్ర, పరుగెత్తుకొచ్చి.

"కాకి. నాలుగో పాట. ఎవర్నైనా అడుగు" అన్నాడు ఆదిల్, ఇంకో వైపునుంచి పరుగెత్తుకొచ్చి.

మరుసటి రోజు తెల్లవారి ఆరింటికల్లా రెండు వర్గాలూ ఆ కిటికీ కింద కూర్చున్నాయి. శివరామయ్యకు ముందు పళ్ళు రెండు లేవు. గొంతు చిన్నది. పూజ సగమయ్యేసరికి బయటినుంచి గొణుగుడు మొదలైంది.

"పెదనాన్నా, ఒక్క ముక్క వినబడటం లేదు. కాస్త గట్టిగా."

"స్వామికి వినబడుతుందిరా."

"తీర్పు చెప్పాల్సింది మాకుగా."

మైకు పెట్టాలన్నారెవరో. అందరూ ఔనన్నారు. మైకు పెట్టాలంటే ఆంప్లిఫయరు కావాలి, ఆంప్లిఫయరుకు బాక్సులు కావాలి. ఉపేంద్ర, ఆదిల్ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అరగంటలో సెట్టు కలిపారు. కేవలం సాక్ష్యం కోసమేనని ఇద్దరూ గట్టిగా చెప్పారు. శివరామయ్య మైకు ముందు మళ్ళీ నూటెనిమిది నామాలు చదివాడు. ఊరి చివర చర్చి దగ్గర జాన్ మేస్త్రి గోడ కడుతూ ఆ దరువుకే ఇటుకలు పెట్టాడని తర్వాత చెప్పుకున్నారు. చదవడం అయిపోగానే సగం మంది కుర్చీ అన్నారు, సగం మంది కాకి అన్నారు.

"ఇంకోసారి" అన్నారు.

రెండోసారి చదువుతూ, ఏ అరవయ్యో నామం దగ్గరో, శివరామయ్య కిటికీలోనుంచి బయటికి చూశాడు. ఆదిల్ ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి మీట సవరిస్తున్నాడు. ఉపేంద్ర బాక్సుకు చెవి ఆనించి, అలవాటు కొద్దీ వేలితో 'ఇంకొంచెం' అని సైగ చేశాడు. ఆదిల్ ఇంకొంచెం తిప్పాడు. తను చదువుతున్నంతసేపు ఈ వైర్లు ఎవరూ పీకరు. ఆ మాట ఆయన మనసులో పడింది. అది స్వామి పడేశాడా, తన తెలివితేటలా అన్నది ఆయన తర్వాత చాలాకాలం ఆలోచించాడు.

పువ్వులు అయిపోయాక బయటికి వచ్చాడు.

"ఒక్కసారికి, రెండుసార్లకు తేలేది కాదిది. పదకొండు సార్లు చదువుతా. ఇంట్లో కాదు. శివరాత్రినాడు ప్రభ ముందు కూర్చొని కొండదాకా చదువుకుంటా పోతా. మీరు వెనకే వింటా రండి. కొండ దగ్గర తీర్పు."

"మైకు వరకు సరే" అన్నాడు ఉపేంద్ర. "బల్బులు మాత్రం ఒప్పందంలో లేవు."

"జనరేటరు మైకుకే ఆడుద్ది" అన్నాడు ఆదిల్.

శివరామయ్య వాళ్ళవైపు తిరిగాడు. "అష్టోత్తరం అంటే పూజేనా కాదా?"

"పూజే."

"దీపం లేని పూజ ఉందా? మీ ఇళ్ళల్లో అడిగి రాపోండి. దీపం లేకుండా చదివితే ఆ నామాలు చెల్లవు. చెల్లని సాక్ష్యం మీద నేను తీర్పు చెప్పను."

వాసంతి ముందు తల ఊపింది. ఆ తర్వాత అరుగు మీదున్న ఆడవాళ్ళంతా ఊపారు. దీపం లేకుండా పూజ ఎట్లా అని జమాల్ కూడా అన్నాడు. ఒక్క దీపం చాలదా అని ఉపేంద్ర అడిగాడు. అరవై అడుగుల ప్రభకు ఒక్క దీపమా అని సొంత తల్లే మందలించింది.

శివరాత్రినాడు పొద్దు వాలుతుండగా ప్రభ కదిలింది. ట్రాక్టరు ముందు ఒక వర్గం, వెనక ఒక వర్గం. ట్రక్కు మీద పీట వేసుకొని శివరామయ్య, ఆయన పక్కన పువ్వుల బుట్టతో వీరరాఘవమ్మ. ఆదిల్ జనరేటరు తిప్పాడు. ఉపేంద్ర స్విచ్చి వేశాడు. కిందినుంచి పైదాకా బల్బులు వరసగా ఎక్కిపోయాయి, ఎరుపు, పచ్చ, నీలం. శివరామయ్య తలెత్తి వాటినే చూస్తూ మొదటి నామం మరిచిపోయాడు. తర్వాత వచ్చింది. వచ్చిందే దబ్బున పడింది.

దారిలో పక్కూరి ప్రభ వాళ్ళు తమ పాటలు ఆపేసి ఆశ్చర్యంగా విన్నారు. ఎవరిదిరా ఈ దరువు అని వాళ్ళలో ఒకడు అడిగాడు. రెండు వర్గాలూ ఒక్కసారే జవాబు చెప్పాయి. కొండ కిందికి చేరేలోపు ఆ ఊళ్ళోనూ ఇద్దరు పోట్లాడుకోవడం ఆయన చూశాడు. పదకొండోసారి చివరి నామం చదివి, చేతులు జోడించి, అట్లాగే కూర్చుండిపోయాడు. మొక్కు తీరింది. వీరరాఘవమ్మ ఆయన తల మీద పడ్డ పువ్వులు దులిపింది.

"తీర్పు పెదనాన్నా" అన్నారు ఇద్దరూ.

"పొద్దున కొండెక్కి, స్వామి ఎదట చెప్తా."

తెల్లారి జనం కాస్త పలచబడ్డాక మెట్లెక్కారు. ఆదిల్ జనరేటరును వదిలి రానని కిందే ఉన్నాడు. ఉపేంద్ర వెంట వచ్చాడు. దర్శనమయ్యాక శివరామయ్య నంది దగ్గరకు వెళ్ళి, వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దాని చెవిలో చెప్పాడు.

"నందీశ్వరా, మూడేసి సార్లు విన్నా. కాళ్ళు కడుక్కొనే విన్నా. ఆ రెంటికీ తేడా నాకు తెలవలా. ఆ దరువు ఎవరిదో కూడా తెలవదు. తెలవనోణ్ణి తువ్వాళ్ళ ముందు కూర్చోవడం తప్పే. పైకి చెబితే పిల్లకాయలు మళ్ళీ వైర్లు పీక్కుంటారు. మొక్కు చెల్లిందో లేదో స్వామిని నువ్వే కనుక్కో."

లేచి నడుము పట్టుకున్నాడు.

"ఏం చెప్పావు పెదనాన్నా?"

"తీర్పే. స్వామి ఎదట చెప్తానన్నాగా, చెప్పేశా. బయటికి చెప్పేది వచ్చే శివరాత్రికి."

"వచ్చే శివరాత్రికి ఏంది, పదకొండూ అయిపోయినైగా?" అంది వీరరాఘవమ్మ.

"అది నా మొక్కు. ఇది వాయిదా."

ఆమె కొబ్బరి చిప్పలు సంచిలో వేసుకుంది. ఉపేంద్ర అప్పటికే ఫోను తీశాడు.

"ఒరేయ్ ఆదిల్, నందికి చెప్పాడంటరా."

"ఏ చెవిలో?" అన్నాడు ఆదిల్ కిందినుంచి.

ఉపేంద్ర తిరిగి చూశాడు. "ఎడమ."

"ఎవరి ఎడమ, నీదా నందిదా?"

ఉపేంద్ర నంది వెనక్కు వెళ్ళి నిలబడి, దాని చూపు ఎటుందో చూసుకొని, తన ఎడమ చెయ్యి ఎత్తి సరిచూసుకున్నాడు. "నందిదే."

"ఇయర్‌ఫోన్స్‌లో ఎడమది నాది. తొమ్మిదో తరగతినుంచీ నాదే. కాకి గెలిచింది."

"నీ మొహం. ఎడమ చెవికి నువ్వు పెట్టుకునేవాడివి. పాట మాత్రం నేను పెట్టేవాణ్ణి."

"కిందికి రా, తేల్చుకుందాం. వచ్చేటప్పుడు రెండు టీలు పట్రా. బల్బులు విప్పాలి, నా ఒక్కడి వల్ల కాదు."

ఉపేంద్ర ఫోను చెవికి ఆనించుకొనే మెట్లు దిగసాగాడు.